మద్యపానం: ఆరోగ్యంపై ప్రభావం (ఆదోని ప్రాంతం)

మద్యంలోని ఇథనాల్‌ను కాలేయం ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది కణాలకు విషం. ఏళ్ల తరబడి తాగేవారి కాలేయానికి కొవ్వు పడుతుంది, తర్వాత వాస్తుంది, చివరకు గట్టిపడుతుంది. కడుపులో నీరు చేరి, కామెర్లు, రక్తపు వాంతులు కనిపించేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఆ రాష్ట్రపు 90 మి.లీ. మద్యం టెట్రా ప్యాకెట్లు దొంగచాటుగా వచ్చి పట్టుబడుతుంటాయి. జేబులో ఇమిడే ప్యాకెట్టే కదా అనిపిస్తుంది గానీ, 42.8 శాతం విస్కీ అయితే అందులో సుమారు 30 గ్రాముల ఆల్కహాలు ఉన్నట్టే.

మిథనాల్ కలిసిన కల్తీసారా ఇంకా ప్రమాదం: చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పలువురు చనిపోయారు.

రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే మొదట చేతులు వణుకుతాయి. రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కాలయాపన చేస్తే ప్రాణం మీదికొస్తుంది. మానడం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ నంబరు 14446.