మోగ్లీ ఎవరి వెంట వెళ్ళాడు?

కథ ఎన్ని మలుపులు తిరిగినా చివరకు పెళ్ళిపందిరి దగ్గర ఆగడం మనకు అలవాటు. ఎవరికి ఎవరు దక్కారో తేలిన తరువాతనే కథ కంచికి, మనం ఇంటికి. కంచికి కూతవేటు దూరంలో కాపురాలుంటున్న మన పాఠకులకు ఈ మాట ఇంకాస్త దగ్గరిది. అయితే ఆ చివరి జంట మొదట మనం ఊహించిన జంటే కావాలన్న నియమం లేదు. వరూధిని మనసు పడింది ప్రవరుడి మీద. ఆమెకు దక్కింది ప్రవరుడి రూపం ధరించి వచ్చిన గంధర్వుడు. వారికి పుట్టిన స్వరోచి ద్వారానే స్వారోచిష మనువు కథ నడిచింది. విజయనగరంలో, అంటే నేడు కర్ణాటకలో ఉన్న హంపిలో, పెద్దన ఈ కథను కావ్యం చేసిన నాటినుండీ అనుకోని జంట తెలుగువారికి తెలిసిన సంగతే.

బొమ్మల సినిమాల్లోనూ ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. పిల్లల సినిమాలు కదా అని పెద్దలు వాటి ముగింపుల గురించి ఆలోచించరు. కాని ఆ చివరి జంటను ఎవరు కుదిర్చారు, మూలకథలో ఏముంది, ఎందుకు మార్చారు అని విచారిస్తే అందులో చరిత్ర కనిపిస్తుంది. ఎవరు ఎవరికి తగినవారు, ఎవరి చోటు ఎక్కడ అన్న ప్రశ్నలకు ఒక్కొక్క కాలం ఇచ్చిన జవాబులు అందులో ఉన్నాయి.

మన దేశపు అడవిలో జరిగిన కథతోనే మొదలుపెడదాం. వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన ‘ది జంగిల్ బుక్’ 1967 అక్టోబరులో విడుదలైంది. డిస్నీ స్వయంగా దగ్గరుండి చూసుకున్న చివరి బొమ్మల చిత్రం అదే. ఆయన 1966 డిసెంబరు 15న మరణించాడు గనుక తెర మీద దాన్ని చూడలేదు. తోడేళ్ళ మధ్య పెరిగిన మోగ్లీని మనుషుల ఊరికి చేర్చడానికి బఘీరా అనే నల్లచిరుత సినిమా పొడుగునా తంటాలు పడుతుంది. పిల్లవాడు ఎంతకీ వినడు. పులిని ఎదిరిస్తాడు గాని ఊరికి పొమ్మంటే మాత్రం ఒప్పుకోడు. చివర్లో ఊరి పక్క ఏటికి ఒక పిల్ల బిందె తీసుకుని నీళ్ళకు వస్తుంది. మోగ్లీ తనను చూస్తున్నాడని గ్రహించి బిందె జారవిడుస్తుంది. మోగ్లీ దాన్ని అందుకుని, నీళ్ళు నింపి, తల మీద పెట్టుకుని ఆమె వెంట నడుస్తాడు. ఊరి వాకిట ఆగి మిత్రులకేసి ఒకసారి భుజాలెగరేసి లోపలికి వెళ్ళిపోతాడు. గంటకు పైగా నడిచిన తగువు కొద్ది నిమిషాల్లో తేలిపోయింది.

ఈ ముగింపు డిస్నీ సొంత ఆలోచన. కథ మీద మొదట పనిచేసిన బిల్ పీట్ కిప్లింగ్ పుస్తకంలోని గాంభీర్యాన్ని నిలపాలని చూశాడు. డిస్నీకి అది నచ్చలేదు. ఇద్దరికీ మాట పట్టింపు వచ్చి 1964లో పీట్ సంస్థ విడిచిపెట్టాడు. తరువాత వచ్చిన రచయిత లారీ క్లెమన్స్ చేతికి కిప్లింగ్ పుస్తకం ఇచ్చి, ముందుగా నువ్వు చేయవలసింది దీన్ని చదవకుండా ఉండడమే అని డిస్నీ చెప్పాడన్న ముచ్చట ప్రసిద్ధం. బిందె పిల్లను ప్రవేశపెట్టమన్నప్పుడు పాతకాపు చిత్రకారుడు ఓలీ జాన్‌స్టన్‌కే రుచించలేదు. చివరికి ఆ ఘట్టాన్ని ఆయనే గీశాడు. గీసిన తరువాత ఆయనకూ అదే సబబనిపించింది.

ఆ పిల్లకు సినిమాలో పేరు లేదు. ఆమెకున్నది ఒక్క పాట. షెర్మన్ సోదరులు కట్టిన ఆ పాటలో తన జీవితమంతా ముందే చెప్పేసుకుంటుంది. ఇప్పుడు నీళ్ళు తేవడం తన వంతు. పెద్దయ్యాక తనకూ ఇల్లూ మగడూ కూతురూ ఉంటారు. అప్పుడు నీళ్ళకు ఆ కూతురు వెళుతుంది. ఏ తరానికి ఆ తరం బిందె అందుకోవడమే ఊరి జీవితమన్నమాట. తన వాళ్ళు తన వాళ్ళ దగ్గరే ఉండాలన్న సూత్రానికి ఆ పిల్ల ఒక గుర్తు మాత్రమే. 2003లో వచ్చిన రెండవ భాగంలో గాని ఆమెకు శాంతి అన్న పేరు పెట్టలేదు.

డిస్నీ చదవవద్దన్న పుస్తకంలో ఏముందో మనం చూడవచ్చు. ‘జంగిల్ బుక్’ 1894లో, దాని రెండవ భాగం 1895లో వెలువడ్డాయి. రెండవ భాగం చివరి కథలో మోగ్లీకి పదిహేడేళ్ళు వస్తున్నాయి. వసంతకాలంలో అడవి అంతా తన తన జోడు వెతుక్కుంటుంటే అతనికి కారణం తెలియని దిగులు పట్టుకుంటుంది. ఒక ఊరి పొలిమేరలో తెల్లబట్ట కట్టిన పిల్ల నడిచిపోతుంటే చేలో దాక్కుని, కనుమరుగయ్యేదాకా చూస్తాడు. అంతే. వారి మధ్య మాటా లేదు, పరిచయమూ లేదు. అంటే డిస్నీ తెచ్చిన పిల్ల జాడ కిప్లింగ్‌లో లేకపోలేదు. కాని అక్కడ అడవిని వదలడం చాలా బాధతో కూడిన పని. మోగ్లీ ఏడుస్తాడు, కొండచిలువ కా దగ్గరా భల్లూకం బలూ దగ్గరా సెలవు తీసుకుంటాడు.

అసలు పెళ్ళి మరొక కథలో ఉంది. అది జంగిల్ బుక్ కంటే ముందు, 1893లో అచ్చయింది. పేరు ‘ఇన్ ది రుఖ్’. రుఖ్ అంటే అడవి. అందులో మోగ్లీ యువకుడు. గిస్‌బర్న్ అనే అటవీ అధికారి అతని నేర్పు చూసి ఆశ్చర్యపోతాడు. పై అధికారి ముల్లర్ అతన్ని పింఛను వచ్చే సర్కారు కొలువులోకి తీసుకుంటాడు. మోగ్లీ పెళ్ళాడింది గిస్‌బర్న్ ఇంట్లో పనిచేసే అబ్దుల్ గఫూర్ కూతురిని. కులగోత్రాలు తెలియని అడవి మనిషి, ముస్లిం ఇంటి పిల్ల. తండ్రి మండిపడతాడు. చివరకు వారి పసిబిడ్డ అడవిలో కనిపిస్తాడు, పక్కన తోడేలు కాపలాగా ఉంటుంది. దొరల కొలువును గొప్పగా చూపే కథ అది. ఆ దొరతనం వాసన నేటి పాఠకుడికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా జంట విషయంలో మాత్రం అది 1967 నాటి సినిమా కంటే ఉదారమైనది. సినిమాలో పిల్ల వెంట నడిచినవాడు అడవిని పోగొట్టుకున్నాడు. కథలో పెళ్ళాడినవాడు తోడేళ్ళనూ నిలుపుకున్నాడు.

రెండవ ఉదాహరణ ఫ్రాన్సు దేశానిది. విక్టర్ హ్యూగో ‘నోత్రదామ్ ద పారీ’ నవల 1831లో వెలువడింది. చర్చిలో గంటలు మోగించే గూనివాడు క్వాసిమోడో, దేశదిమ్మరి నాట్యకత్తె ఎస్మెరాల్డా, ఆమె మోహించిన సైనికాధికారి ఫీబస్ అందులో ముఖ్యులు. నవలలో ఎస్మెరాల్డాను ఉరితీస్తారు. ఫీబస్‌కు ఆమె మీద ఉన్నది ప్రేమ కాదు, ఒకనాటి సరదా. అతను కలిగినింటి పిల్లను చేసుకుంటాడు. అతనికీ చివరికి దుర్గతే పట్టింది, పెళ్ళయింది అని హ్యూగో ఎకసక్కెం ఆడతాడు. చాలాకాలానికి శవాలు పడవేసే చోట ఒకదాన్నొకటి పెనవేసుకున్న రెండు అస్థిపంజరాలు దొరుకుతాయి. వాటిలో ఒకటి గూనివాడిది. విడదీయబోతే అది పొడిపొడిగా రాలిపోతుంది. హ్యూగో తన పాత్రలకు చేసిన పెళ్ళి అదొక్కటే.

1996లో డిస్నీ సంస్థ దీన్ని బొమ్మల చిత్రంగా తీసింది. ఎస్మెరాల్డా బతికింది. ఫీబస్ మంచివాడయ్యాడు. నవలలో ఆమె చావుకు కారణమైన మనిషే సినిమాలో ఆమెకు వరుడు. పైగా ఇద్దరి చేతులూ కలిపింది క్వాసిమోడో. గూనివాడి మనసు ఎంత మంచిదో చెప్పడానికే గంటన్నర సినిమా తీసి, చివరకు అందగత్తెను అందగాడికే ఇచ్చారు. చూసినవాళ్ళలో చాలామందికి అది మింగుడుపడలేదు. 2002లో వీడియోకోసం తీసిన రెండవ భాగంలో క్వాసిమోడోకు సర్కస్‌లో పనిచేసే మదలేన్ అనే పిల్లను తెచ్చి ఆ బాకీ తీర్చారు. అయితే ముగింపు మార్చిన మొదటి దోషం డిస్నీ సంస్థది అనడానికి వీల్లేదు. 1836లో లూయీజ్ బెర్తాఁ స్వరపరచిన సంగీతనాటకానికి హ్యూగోనే మాటలు రాశాడు. అందులో ఫీబస్ చివరి ఘడియలో వచ్చి ఆమె నిర్దోషి అని చాటి ప్రాణం విడుస్తాడు. నవలలోని తుచ్ఛుణ్ణి ఆరేళ్ళు తిరక్కుండానే రంగస్థలం మీద ప్రేమికుడిగా మార్చింది కన్నతండ్రే.

మూడవది కథ కాదు, జరిగిన సంగతి. 1995లో వచ్చిన ‘పోకహాంటస్’ చిత్రంలో అమెరికా ఆదివాసి నాయకుడి కూతురూ ఇంగ్లీషువాడైన జాన్ స్మిత్ ప్రేమించుకుంటారు. చివరికి గాయపడిన స్మిత్ ఓడెక్కుతాడు, ఆమె గట్టు మీద నిలబడిపోతుంది. పెళ్ళి లేని ముగింపు డిస్నీ చిత్రాల్లో అప్పటికి అరుదు. 1998లో వీడియోగా వచ్చిన రెండవ భాగంలో స్మిత్ తిరిగి కనిపించినా, ఆమె జాన్ రాల్ఫ్ అనే వేరొక ఇంగ్లీషువాణ్ణి ఎంచుకుంటుంది. మొదటి భాగం చూసి మనసు పెట్టుకున్న పిల్లలకు ఇది పెద్ద దెబ్బ. చరిత్రలో జరిగింది మాత్రం ఈ పెళ్ళే. 1607లో స్మిత్ ఆమె తండ్రికి పట్టుబడినప్పుడు ఆమెకు పది పదకొండేళ్ళు. వారిద్దరి ప్రేమ సినిమావారి కల్పన. 1613లో ఇంగ్లీషువాళ్ళు ఆమెను పట్టుకుని బందీగా ఉంచారు. క్రైస్తవం ఇచ్చి రెబెకా అని పేరు మార్చారు. 1614లో పొగాకు రైతు రాల్ఫ్‌తో పెళ్ళి జరిగింది. 1616లో ఇంగ్లండు తీసుకువెళ్ళారు. 1617 మార్చిలో, తిరుగు ప్రయాణం మొదట్లోనే, గ్రేవ్‌సెండ్‌లో చనిపోయింది. అప్పటికామెకు ఇరవై ఒకటో ఏడు దాటిందో లేదో. సినిమాలో వారిద్దరూ ఓడ మీద సుఖంగా ఆమె పుట్టిన గడ్డకు బయలుదేరతారు. పేరూ మతమూ భాషా మార్చుకుని వెళ్ళిన ఆడపిల్ల ఆ గడ్డను మళ్ళీ చూడలేదన్న మాటను బొమ్మలు దాచిపెట్టాయి.

ఈ మూడింటి పక్కన పెళ్ళితో ముగిసిన పేరుమోసిన చిత్రాలను పెట్టి చూస్తే ఒక పద్ధతి బయటపడుతుంది. జలకన్య రాజకుమారుణ్ణి పెళ్ళాడాలంటే తోక పోయి కాళ్ళు రావాలి. 1837 నాటి ఆండర్సన్ కథలో కాళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు, 1989 నాటి సినిమాలో అయింది. 1991 చిత్రంలో మృగం ముందు మనిషిగా మారింది, తరువాతే ముద్దూ ముచ్చటా. 2009 నాటి కప్ప కథలో ఇద్దరూ కప్పలుగానే మనువాడారు. ఆ పెళ్ళి వల్లనే ఆమె యువరాణి అయి, ఆమె ముద్దుతో ఇద్దరూ మనుషులయ్యారు. తేడాను దాటి ప్రేమించారని మెచ్చుకుంటూనే, తెర దిగేలోగా ఆ తేడాను చెరిపేస్తారు. చెరపడానికి వీలులేని గూనివాడికి పెళ్ళి లేదు.

ఈ పద్ధతిని ఎగతాళి చేసింది 2001 నాటి ‘ష్రెక్’. విలియమ్ స్టైగ్ 1990లో రాసిన చిన్న పుస్తకం దానికి ఆధారం. అందులో రాక్షసుడూ కురూపి రాజకుమారీ మొదటినుండీ ఈడూజోడూ. సినిమావారు రాజకుమారిని పగలు అందగత్తెగా, రాత్రి రాక్షసిగా చేశారు. నిజమైన ప్రేమ తాకగానే ఆమె అందగత్తెగా నిలిచిపోతుందని ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. ఆమె రాక్షసిగానే నిలిచిపోతుంది. ఇదీ ఒక విధంగా తన జాతికి తన జాతే. అసలు తెంపరితనం పక్కపాత్రల్లో ఉంది. వాగుడుకాయ గాడిద, నిప్పులు కక్కే ఆడ డ్రాగన్ జంట కట్టాయి. ఎవరూ ఎవరిగానూ మారలేదు. 2004లో వచ్చిన రెండవ భాగంలో వాటికి రెక్కలున్న గాడిదపిల్లలు పుట్టాయి. నాయికా నాయకులకు ఇవ్వడానికి భయపడిన స్వేచ్ఛను హాస్యగాళ్ళకు ఇవ్వడం మన నాటకాల వాళ్ళకూ తెలిసిన కిటుకే.

2007లో డిస్నీ సంస్థే ‘ఎన్‌చాంటెడ్’లో తన పాత కథలను తానే వెక్కిరించుకుంది. బొమ్మల లోకపు పిల్ల న్యూయార్కు వకీలు దగ్గర ఉండిపోతుంది. ఆ వకీలుకు నిశ్చయమైన నగరపు అమ్మాయి నాన్సీ బొమ్మల లోకంలోకి దూకి అక్కడి రాకుమారుణ్ణి పెళ్ళాడుతుంది. మిగిలిపోయిన ఇద్దరికి ముడిపెట్టడం పాత చిట్కాయే గాని, అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు వెళ్ళి స్థిరపడడం కొత్త. 2013 నాటి ‘ఫ్రోజెన్’లో రాకుమారుడే మోసగాడు. చెల్లెలికి మంచు అమ్ముకునే కుర్రవాడు తోడయ్యాడు, అక్కకు పెళ్ళి మాటే లేదు. 2016లో వచ్చిన కొత్త ‘జంగిల్ బుక్’లో బిందె పిల్ల లేదు. మోగ్లీ అడవిలోనే ఉండిపోయాడు.

కాబట్టి మోగ్లీకి మూడు ముగింపులు ఉన్నాయి. 1967లో ఊరు దక్కి అడవి పోయింది. 2016లో అడవి దక్కింది, ఊరి ఊసే లేదు. 1893లో, అందరికంటే ముందు, రెండూ దక్కాయి. ఇంట్లో ఒక భాషా గుమ్మం దిగితే మరొక భాషా మాట్లాడుతూ, పిల్లల్ని ఆ గుమ్మం మీదుగానే అటూ ఇటూ నడిపిస్తున్న మనవంటి కుటుంబాలు ఈ మూడింటిలో దేన్ని పిల్లలకు చెబుతాయన్నది ఆలోచించదగ్గది. మన ఇళ్ళలో పొరుగు భాష కోడళ్ళూ అల్లుళ్ళూ కొత్త కాదు. వచ్చినవాళ్ళు తమ మాట పూర్తిగా మరిచిపోతేనే కలిసిపోయినట్టని లెక్కవేసిన ఇళ్ళూ ఉన్నాయి, రెండు మాటలతో మనుమల్ని పెంచిన ఇళ్ళూ ఉన్నాయి. పిల్లలు జంగిల్ బుక్ వీడియో పెట్టుకుని చివర బిందె పిల్ల వచ్చినప్పుడు, ఈ మోగ్లీకే మరొక కథలో పుట్టిన బిడ్డకు తోడేలు కాపలా కాసిందని పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు ఒక ముక్క చెబితే బాగుంటుంది.