ధాన్యాధివాసము – మన పల్లెల ధాన్యరక్షణ

ఆలయ ప్రతిష్ఠాక్రతువు అంకురార్పణముతో ఆరంభమగును. పాలికలలో చల్లిన నవధాన్యములు మొలకెత్తవలెను. పిమ్మట నూతన బింబములకు జలాధివాసము, ధాన్యాధివాసము జరుగును. మొలకభాగము పురుగుపాలైన గింజ అంకురించదు. విరిగిన బియ్యము అక్షతలకు పనికిరాదు. కావున ధాన్యమును కాపాడుట గృహస్థునకు జీవనాధారము, ఆలయమునకు క్రతుధర్మము.

కౌటిల్యుని అర్థశాస్త్రము కోష్ఠాగారాధ్యక్షుని విధులలో దీనిని చెప్పినది. ధాన్యమును ఎత్తైన చోట నిలువచేయవలెను. సగమును ప్రజల ఆపత్కాలమునకై ఉంచి, పాతదానిని తీసి క్రొత్తదానితో నింపుచుండవలెను.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. అంతకుముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ పల్లెలుగా నుండెడివి. తెలంగాణ పల్లెలలో చెరువుల క్రింద వరి, చెలకలలో జొన్న, కంది పండెడివి. ఆ పంటకు రక్ష పాతర, గుమ్మి, గాదె, కాగు.

పాతర యనగా నేలలో త్రవ్వి, గడ్డి పరచి, ధాన్యము నింపి, పైన మన్నుతో మూసిన గుంట. లోపలి గాలిలోని ప్రాణవాయువును గింజలు, పురుగులు పీల్చుకొనగా అది తరిగి పురుగు నశించును. అందుచేతనే పాతర తెరచిన వెంటనే ఎవరును దిగరాదు. గాలి ఆడనిచ్చి, దీపము దించి, అది ఆరనిచో దిగుట పద్ధతి. గుమ్మిని వెదురుతో అల్లి పేడమట్టితో అలికెడివారు. ధాన్యమును ఎండలో బాగుగా ఆరబెట్టి, వేపాకు, వావిలాకు కలిపెడివారు. బూడిద పురుగు మేనిపై మైనపుపొరను గీకి, దానిని ఎండగట్టును. కందులకు ఎర్రమట్టి పట్టించుట, పప్పుదినుసులకు ఆముదము రాయుట నేటికిని కలదు. కిలోకు 5 మిల్లీలీటర్ల నూనె చాలును; గింజపై పెట్టిన పురుగు గ్రుడ్లకు ఊపిరాడదు. వండుటకు ముందు కడుగవలెను.

ఈ ప్రాంతమునకు చేరువనున్న పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జన్యునిధియందు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మున్నగు వాని విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా భద్రపరచబడినవి. అచ్చటను ముఖ్యసూత్రము తేమ తగ్గించుటయే. దానికి చల్లదనము తోడు. దీర్ఘకాలమునకై మైనస్ 20 డిగ్రీల శీతలములో ఉంచెదరు. పెద్దల ఎండ, శాస్త్రజ్ఞుల ఆరబెట్టు గది చేయు పని ఒక్కటియే.

నేడు కొందరు ఇండ్లలో బియ్యపు మూటలయందు విషవాయువు వెడలు బిళ్ళలు వేయుచున్నారు. ఆ వాయువు పురుగునే కాక, అదే గదిలో నిద్రించు పసిబిడ్డను సైతము చంపగలదు. శిక్షణ పొందిన నిపుణులు గిడ్డంగులలో వాడదగిన వస్తువది. గృహమునకు, దేవుని ఉగ్రాణమునకు తగదు.

కావున అన్నదానమునకు ధాన్యము సమర్పించు దాతలు దానిని బాగుగా ఎండబెట్టి, విషస్పర్శ లేకుండ, గట్టిగా మూయబడు పాత్రలలో అందింతురుగాక. ఉగ్రాణమున పాత బియ్యము ముందు, క్రొత్తది వెనుక వాడుదము. స్వామికి నివేదించునది భక్తుని బిడ్డ తినునదే. శుభమస్తు.