ఫ్రీ సీటు బిల్లు ఎవరు కట్టారు?

మొన్న ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. "తమ్ముడికి కన్వీనర్ కోటాలో మంచి కాలేజీ రాలేదురా. మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటున్నారు. ఫీజు వేరే, డొనేషన్ వేరే. అరెకరం అమ్మేద్దామంటున్నాడు మీ బాబాయి, నువ్వేమంటావు?" అంది. రెండ్రోజులు టైమివ్వమన్నాను. ఆ రెండ్రోజులూ మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ ఫీజుల చరిత్ర చదువుతూ కూర్చున్నాను. బోలెడు తీర్పులు, బోలెడు పథకాలు. అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే: ఈ చదువు బిల్లు ఎవరు కట్టాలి?

మొదట్లో ఈ గొడవే లేదు. ఉస్మానియా, కాకినాడ, అనంతపురం, 1959లో వచ్చిన వరంగల్ ఆర్.ఈ.సి. ఇలా ఉన్నవన్నీ సర్కారు డబ్బుతో నడిచినవే. ఫీజు తక్కువ, సీట్లు ఇంకా తక్కువ. సీటు రానివాళ్ళలో డబ్బున్నవాళ్ళు కర్ణాటక వెళ్ళి డొనేషన్ కట్టి చేరేవారు. 1977లో విజయవాడలో సిద్ధార్థ, 1979లో హైదరాబాదులో చైతన్య భారతి, ఇలా మన దగ్గరా ప్రైవేటు కాలేజీలు మొదలయ్యాయి. డొనేషన్ (చట్టం భాషలో క్యాపిటేషన్ ఫీజు) తీసుకోవడం నేరమంటూ 1983లో రాష్ట్రం చట్టం చేసింది. 1986లో ఎంసెట్ వచ్చింది.

ఆ తర్వాత 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసు తీర్పు. కేసు పేరులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కు అని చెప్పింది ఈ తీర్పే. ఇందులోనే ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీలకి సుప్రీంకోర్టు ఒక స్కీమ్ రాసిచ్చింది. సగం సీట్లు ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు. రెండూ ర్యాంకు ప్రకారమే. ఫ్రీ సీటు వాడికి గవర్నమెంటు కాలేజీ ఫీజు, పేమెంటు సీటు వాడికి కమిటీ నిర్ణయించిన పెద్ద ఫీజు. "మావాడిది ఫ్రీ సీటు", "వాళ్ళబ్బాయిది పేమెంటు సీటు" అని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ అనే మాటలు అక్కణ్ణుంచి వచ్చినవే.

ఫ్రీ సీటు అంటే నిజంగా ఫ్రీ కాదన్నమాట. పక్క బెంచీలో కూర్చున్న పేమెంటు సీటు కుర్రాడి తండ్రి ఆ తేడా కడుతున్నాడు. 2002 అక్టోబర్లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది జడ్జీల బెంచి ఈ స్కీమ్‌ని కొట్టేసింది. అందులో చెప్పిన ఒక సంగతి నన్ను ఆపేసింది. మంచి ప్రైవేటు స్కూళ్ళలో చదివిన కలిగినవాళ్ళ పిల్లలకి పెద్ద ర్యాంకులొచ్చి ఫ్రీ సీట్లు దొరుకుతున్నాయి, లేనివాళ్ళ పిల్లలకి పేమెంటు సీట్లు మిగులుతున్నాయి అని. అంటే లేనివాడు అప్పు చేసి ఉన్నవాడి ఫీజు కట్టినట్టు! ఉద్దేశం ఎంత మంచిదైనా లెక్క తిరగబడింది.

అప్పు సంగతికొస్తే, 2001లో బ్యాంకులన్నీ కలిసి విద్యారుణాలకి ఒక నమూనా పథకం తెచ్చాయి. అప్పటి నిబంధనల్లో నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. చదువైన ఏడాదికి, లేదా ఉద్యోగమొచ్చిన ఆరు నెలలకి, ఏది ముందైతే అప్పణ్ణుంచి కట్టడం మొదలయ్యేది. 2009-10 నుంచి, ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళ పిల్లలకి చదివే కాలపు వడ్డీ కేంద్రమే కట్టే పథకం కూడా వచ్చింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది కదా?

2008 ప్రాంతంలో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని పెద్ద ఎత్తున అమలు చేసింది. ఈసారి బిల్లు సర్కారు నెత్తిన. కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయని తిట్టేవాళ్ళున్నారు, అదీ నిజమే. కానీ ఇంటిలో మొదటి డిగ్రీ తెచ్చుకున్న వేలమంది ఆ పథకం వల్లే ఈ ఫీల్డులో ఉన్నారు. వాళ్ళలో నేనొకణ్ణి.

నేను చేరింది 2015లో. నా ర్యాంకు పదివేలు దాటింది కాబట్టి ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35 వేలే. కాలేజీ ఫీజు 80 వేలు. మిగతా 45 వేలు నాన్న ఎలాగో సర్దేవారు. అసలు దెబ్బ చివర్లో తగిలింది. ఆఖరి రెండేళ్ళ రీయింబర్స్‌మెంట్ రాలేదు. "డెబ్భై వేలు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్ళు, గవర్నమెంటు ఇచ్చాక వెనక్కిస్తాం" అన్నారు ఆఫీసులో. కంపెనీలో జాయినింగ్ డేటు దగ్గరపడుతోంది. చదువైపోయాక విద్యారుణం ఎవరిస్తారు? నాన్న ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకి 1,400. సర్కారు డబ్బు పద్నాలుగు నెలలకి వచ్చింది, కాలేజీ తిరిగిచ్చింది. మాకు మిగిలింది 19,600 రూపాయల వడ్డీ. నా మొదటి జీతం అందులోకే పోయింది.

ఇదంతా చదివాక నాకు అర్థమైందేంటంటే, మన ఇళ్ళని ముంచింది ఫీజొక్కటే కాదు, రసీదులేని డబ్బు. రసీదున్న ఫీజుకి బ్యాంకు అప్పిస్తుంది, వడ్డీ ఏడాదికి ఇంతని తెలుస్తుంది, గడువుంటుంది. డొనేషన్‌కి రసీదుండదు, ఎందుకంటే అది 1983 నుంచీ నేరం. రాని రీయింబర్స్‌మెంట్‌కీ రసీదుండదు. అలాంటి డబ్బు పొలం అమ్మితేనో, రెండు రూపాయల వడ్డీకి తెస్తేనో వస్తుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం అని మనకి లెక్క తెలుసు, మన నాన్నలకి అవసరం తెలుసు.

చౌక దారి ఒకటి మన కళ్ళముందే ఉంది, ఎవరూ పట్టించుకోరు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ మూడేళ్ళు, ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏట చేరితే ఇంకో మూడేళ్ళు. ఇంటర్, బీటెక్ కలిపినా ఆరేళ్ళే, ఇదీ ఆరేళ్ళే. కానీ ఇంజనీరింగ్ ఫీజు ఒక ఏడాది తగ్గుతుంది, ప్రభుత్వ పాలిటెక్నిక్ ఫీజు చాలా తక్కువ. మా క్లాసులో అలా వచ్చినవాళ్ళు ల్యాబుల్లో మాకే పాఠం చెప్పేవారు. తమ్ముడికి ఆ దారి దాటిపోయింది, చెల్లి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. పొలం అమ్మొద్దు. కన్వీనర్ కోటాలో వచ్చిన కాలేజీలోనే చేర్చండి. ఫీజు చాలకపోతే మొదటి ఏడాదే బ్యాంకుకి వెళ్దాం, నేనూ వస్తాను. రసీదివ్వనన్నవాడికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. చివర్లో రీయింబర్స్‌మెంట్ ఆగితే ఆ డబ్బు నేను సర్దుతాను, వడ్డీకి తేవొద్దు.

"మరి మంచి కాలేజీ?" అంది పిన్ని. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో ఏం చెప్పారో మీరే చెప్పండి.