కోటిపల్లి రైలు స్టేషను పూర్వోత్తరము

మన గోదావరి మండలమున రాజుల చరిత్రములు వ్రాసినవారు పెక్కండ్రు గలరు. రైలు స్టేషను చరిత్రము వ్రాసినవారు అరుదు. పట్టాలైనను లేక అరువది నాలుగేండ్లు పడియున్న స్టేషనుకు చరిత్రమేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వినను సరియే.

కోటిపల్లి గౌతమీతీరమున సోమేశ్వరస్వామి వెలసిన క్షేత్రము. రేవు దాటిన ముక్తేశ్వరము, అటుపై కోనసీమ. కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా ఇచటికి దాదాపు 45 కిలోమీటర్ల రైలుమార్గము 1928 లో తెరవబడెను. ఆ దారి నెన్నుకొన్న దొరలకు శ్రీనాథుని భీమేశ్వరపురాణముతో పరిచయముండెనో లేదో కాని, ఆ కవిసార్వభౌముడు కొనియాడిన భీమేశ్వరుని యూరిని ఇనుపదారితో సముద్రపు రేవునకు ముడివేసిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికే పూర్తియగుటచే సీమయంతయు వరిపంటతో నిండెను. కాలువలలో పడవలు లేకపోలేదు. కాని పడవకు వడి లేదు. కోనసీమవాడు పంటుమీద గౌతమిని దాటి కోటిపల్లిలో రైలెక్కినచో జిల్లా కచేరీయు కళాశాలయు గల కాకినాడ సులువుగా చేరుచుండెను.

ఈ సౌఖ్యము పండ్రెండేండ్లే. 1939 లో ఐరోపాలో యుద్ధము పుట్టెను. యుద్ధమునకు ఇనుము కావలసెను. దేశమున రాబడి తక్కువగా నున్న శాఖామార్గములను కొన్నింటిని ఊడదీసిరి. 1940 లో మన పట్టాలును పోయెను. పొరుగువాడు నాగలి అరువడిగినను మరల నిత్తునని చెప్పి తీసికొనిపోవును గదా!

లెక్కలు వ్రాయు చేతికి జమయు ఖర్చును కూడినగాని నిద్రపట్టదు. రైలు నడచినది 12 ఏండ్లు; లేక గడచినది 64 ఏండ్లు. పదేండ్ల ప్రాయమున కడపటి రైలును చూచినవాడు మరల చూచునప్పటికి 74 ఏండ్ల వృద్ధు. నడుమ 1947 లో స్వాతంత్ర్యము వచ్చెను, 1953 లో ఆంధ్రరాష్ట్రము, 1956 లో ఆంధ్రప్రదేశము వచ్చెను. పట్టాలు మాత్రము రాలేదు.

తుదకు 2004 లో మార్గము మరల తెరవబడెను. కోనసీమకు రైలు కావలెనని కోరిన లోక్‌సభాధ్యక్షులు బాలయోగిగారు అంతకు ముందే, 2002 మార్చి 3 న, హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. పిమ్మట ఈ దారిని ఒంటిపెట్టె రైలుబస్సు తిరిగెను. కోటిపల్లినుండి నరసాపురమునకు పొడిగింపు 2000-01 లోనే మంజూరైనను, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటిపై వంతెనలు కట్టవలసియుండుటచే పని జాగయ్యెను. కావున రైలుబస్సు దిగినవాడు తన తాతవలెనే రేవునకు నడచిపోయి పంటు ఎక్కెను.