ఆ జైలు అప్పటికి కట్టనే లేదు

హైదరాబాదులో 1857 గురించి మాట్లాడేటప్పుడు ఒక మాట తరచూ వినిపిస్తుంది. బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను బ్రిటిష్‌వాళ్లు అండమాన్ సెల్యులార్ జైల్లో పెట్టారనీ, అక్కడి చీకటి కొట్టులోనే ఆయన ప్రాణం పోయిందనీ అంటారు. ఆయన అండమాన్‌లో చనిపోయిన మాట నిజం. జైలు మాట మాత్రం నిజం కాదు. ఆయన్ను ఇక్కడి నుంచి పంపింది 1859 జూన్ 28న. సెల్యులార్ జైలుకు పని మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. ఆయన ఓడ దిగేనాటికి అక్కడ ఉన్నది అడవి, బురద, కొన్ని తాత్కాలిక కొట్టాలు. ఒక తేదీ తప్పు పడితే దిద్దుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. కానీ ఈ తప్పు వల్ల ఆ శిక్ష అసలు స్వభావమే మన కంటపడకుండా పోయింది. అల్లావుద్దీన్‌ను పంపింది కట్టి ఉన్న గదిలో బంధించడానికి కాదు. ఖైదీల చేత అడవి కొట్టించి, ఇళ్లు కట్టించి, చివరికి వాళ్లనే అక్కడి జనంగా నిలబెట్టే ఒక వలస కోసం పంపారు. పాతబస్తీ చరిత్రలో ఆయన పేరు ఉండవలసింది ఆ వలస కథలో.

ఆ ఏడాది జరిగినదాన్ని క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. 1857 మే నెలలో నిజాం నాసిరుద్దౌలా చనిపోగా అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాను మొదటి సాలార్ జంగ్‌కు అప్పటికి ముప్ఫయ్యేళ్లు కూడా నిండలేదు. ఢిల్లీ వార్తలతో నగరం అట్టుడుకుతోంది. బుల్దానా నుంచి ఉత్తరాదికి కదలడానికి నిరాకరించిన జమేదారు చీదాఖాన్ మరికొందరు సిపాయిలతో హైదరాబాదు చేరితే, సాలార్ జంగ్ వాళ్లను పట్టి బ్రిటిష్ రెసిడెంటు డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. ఆ అప్పగింతే నిప్పు రాజేసింది. జూలై 17, శుక్రవారం. నమాజు తర్వాత మక్కా మసీదు దగ్గర జనం పోగై చీదాఖాన్‌ను విడిపించాలని పట్టుబట్టారు. సాయంత్రానికి తుర్రేబాజ్ ఖాన్ వెంట రోహిల్లాలు, అల్లావుద్దీన్ వెంట నగర జనం, మొత్తం 500 మంది దాకా రెసిడెన్సీ వైపు నడిచారు. పుత్లీబౌలి వైపున్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్ అనే ఇద్దరు షావుకార్ల ఇళ్లలో చేరి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. దివాను ముందే కబురు పంపడంతో లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేలోగా దాడి చెదిరిపోయింది.

వాళ్లు గురిపెట్టిన భవనం సంగతి కూడా చూడాలి. నేటి కోఠీ మహిళా విశ్వవిద్యాలయంలో ఎత్తైన కొరింథియన్ స్తంభాలతో, మెట్లకు ఇరుపక్కలా సింహాలతో నిలబడి ఉన్నది అదే. మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రసెల్ దాని నమూనా గీశాడు, రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దగ్గరుండి 1803 నుంచి కట్టించాడు, ఖర్చు నిజాం ఖజానా భరించింది. ఎవరి సొమ్ముతో లేచిందో ఆ రాజ్యపు జనమే అర్ధశతాబ్దం తర్వాత దాని మీదికి వెళ్లారు. దాడి తర్వాత ఆ ఆవరణ చుట్టూ బురుజుల గోడ లేచింది. అంటే ఆ రాత్రి ఫలితంగా ఇక్కడ ఒక గోడ పెరిగింది. అదే రాత్రి ఫలితంగా ఇక్కడి మనిషి ఒకడు సముద్రం దాటి మరొకచోట గోడలు కట్టే గుంపులో చేరాడు. మొదటి సంగతి కళ్లెదుట ఉంది కాబట్టి చెప్పుకుంటాం, రెండోది ఎదురుగా లేదు కాబట్టి జైలు బొమ్మతో సరిపెట్టుకుంటాం.

తుర్రేబాజ్ ఖాన్‌కు కూడా యావజ్జీవ ద్వీపాంతరవాసమే పడింది. కానీ ఆయన 1859 జనవరి 18న కాపలా నుంచి తప్పించుకున్నాడు. జనవరి 24న తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. శవాన్ని తెచ్చి నగరంలో అందరికీ కనబడేలా వేలాడదీశారు. అలా ఇద్దరు నాయకుల్లో ఓడ ఎక్కినవాడు అల్లావుద్దీన్ ఒక్కడే అయ్యాడు. ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. నిజాం రాజ్యం కాగితం మీద బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు. అయినా నిజాం రాజధానికి చెందిన మనిషి శిక్ష అనుభవించింది బ్రిటిష్‌వాళ్ల ద్వీపంలో. ఆ సహకారానికి ప్రతిఫలంగా, బ్రిటిష్‌వాళ్లతో కుదిరిన 1860 డిసెంబరు ఒప్పందంలో రాయచూరు దోఆబ్, నల్‌దుర్గ్ ప్రాంతాలు తిరిగి నిజాంకు వచ్చాయి, షోరాపూర్ సంస్థానం దక్కింది, 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. సాలార్ జంగ్ తెలివిగా వ్యవహరించకపోతే హైదరాబాదుకు ఢిల్లీ, లక్నోల గతే పట్టేదని ఆయన పక్షాన వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలం ఉంది. అయితే నగరం నిలిచినందుకు చెల్లించిన వెలలో ఈ మనుషులు కూడా ఉన్నారన్నది దానితో పాటే చెప్పవలసిన నిజం.

ఇక ఆయన చేరిన చోటు సంగతి. ఆగ్రా జైలు నడిపిన అనుభవం ఉన్న డాక్టర్ వాకర్ 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. మొదట చాథం దీవి మీద పని మొదలైంది, అక్కడ నీళ్లు చాలక రాస్ దీవికి మారారు. తొలి మూడు నెలల లెక్క ఒకటి మిగిలింది. జూన్ నడిమికల్లా వచ్చినవాళ్లు 773 మంది. ఆస్పత్రిలో చనిపోయినవాళ్లు 64, పారిపోయి మళ్లీ దొరకనివాళ్లు 140, పారిపోయి పట్టుబడితే ఉరి తీసినవాళ్లు 87, ప్రాణం తీసుకున్నవాడు ఒకడు. మిగిలింది 481. ఈ అంకెల్లో తాళం వేసిన గది ఎక్కడా లేదు. గోడలు లేవు కాబట్టే 140 మంది అడవిలోకి పారిపోగలిగారు, ఆ అడవి దాటితే సముద్రమే కాబట్టి తిరిగి రాలేదు. సముద్రమే కాపలాగా పెట్టుకున్న శిక్ష అది. అల్లావుద్దీన్‌ను పంపడానికి కొద్ది వారాల ముందు, 1859 మేలో, తమ నేల ఆక్రమణకు గురవుతోందని అండమాన్ ఆదివాసులు అబర్డీన్ దగ్గర ఖైదీల స్థావరం మీద పెద్ద దాడి చేశారు. ఆయన అడుగుపెట్టింది అటువంటి చోట.

అక్కడి రోజువారీ చాకిరీ ఏమిటో చూస్తే కథ ఇంకా స్పష్టమవుతుంది. కాళ్లకు ఇనుము, చేతికి గొడ్డలి. చెట్లు నరకడం, వేళ్లు పెకలించడం, చిత్తడి పూడ్చడం, ఇటుక కాల్చడం, రేవు గట్లు కట్టడం. తర్వాతి సంవత్సరాల్లో మెడలో చెక్కబిళ్ల వేలాడేది. దాని మీద ఖైదీ నంబరు, నేరం సెక్షను, శిక్ష పడిన తేదీ ఉండేవి. ఆ మనుషుల చేతులతోనే రాస్ దీవి మీద చీఫ్ కమిషనరు బంగళా, చర్చి, బేకరీ, బారకాసులు లేచాయి. ఇప్పుడు వాటి మొండిగోడలను మర్రి, రావి వేళ్లు చుట్టేసి ఉన్నాయి. మంచి నడవడి చూపిన ఖైదీకి కొన్నేళ్ల తర్వాత సొంతంగా బతికే టికెట్టు ఇచ్చేవారు. భూమి సాగు చేసుకోవచ్చు, ఆడఖైదీని పెళ్లాడవచ్చు, ఊరు మాత్రం విడిచిపోకూడదు. వాళ్ల సంతానమే నేడు అండమాన్‌లో స్థానికులుగా పిలవబడే ఒక వర్గం. ఇది అండమాన్‌లోనే పుట్టిన పద్ధతి కూడా కాదు. 1788 నుంచి సిడ్నీ రేవులో ఇంగ్లండు ఖైదీల చేత చేయించింది ఇదే. అక్కడి హైడ్ పార్క్ బారక్స్‌కు నమూనా గీసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే స్వయంగా ఖైదీ. సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్‌ను భారతీయ ఖైదీలే కట్టారు.

అయితే ఒక అభ్యంతరం రావచ్చు. సెల్యులార్ జైలు ఒక ప్రతీక, అండమాన్‌లో బాధపడ్డ అందరికీ కలిపి దాన్ని తలచుకుంటే నష్టమేమిటని. 1979లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించడం సబబే, అక్కడ గానుగ తిప్పిన రాజకీయ ఖైదీల బాధ తక్కువది కాదు. కానీ ఆ జైలు ఎందుకు కట్టారో చూడండి. 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు విచారణ చేసి, అండమాన్ ఒక స్థిరపడిన ఊరైపోయింది, దేశంలోని జైళ్లకన్నా ఖైదీలు దీన్నే కోరుకుంటున్నారు, కాబట్టి మొదటి నెలలు ఒంటరి కొట్టులో పెట్టాలని సూచించారు. అంటే ఊరు ముందు, జైలు తర్వాత. ముందుతరం ఖైదీల రెక్కల కష్టంతో ఊరు నిలబడ్డది కాబట్టే 693 గదుల జైలు కట్టే అవసరమూ వీలూ వచ్చాయి. జైలును ముందుకు జరిపితే ఆ ముందుతరమంతా చెరిగిపోతుంది. మౌల్వీ లాంటి చదువుకున్నవాడు గొడ్డలి పట్టి ఉండడని మరొకరు అనవచ్చు. అది కొంతవరకు ఒప్పుకోవలసిన మాటే. 1866లో అక్కడికి చేరిన జాఫర్ థానేసరి గుమాస్తాగా పనిచేశాడు, విడుదలై 1880ల్లో తిరిగివచ్చి ఆ కథ రాశాడు కూడా. కానీ 1859లోనే చేరిన మహాపండితుడు ఫజ్లే హక్ ఖైరాబాదీ రెండేళ్లకే, 1861లో, అక్కడ కన్నుమూశాడు. కలం పట్టించినా గొడ్డలి పట్టించినా ఆ ఊరు నిలబెట్టడానికే.

పాతబస్తీ వైపు నుంచి చూస్తే ఈ కథ మనకు కొత్తగా అనిపించకూడదు. ఈ నగరమే వచ్చి స్థిరపడ్డవాళ్ల నగరం. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బార్కాస్ సంగతే తీసుకోండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బుల బస్తీ అది. లుంగీ కట్టు, మర్ఫా దరువు, హరీస్, అక్కడి జామతోటల పేరు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అరబ్ జమేదారు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఅయితీ ఇక్కడ కొలువులో సంపాదించిన డబ్బుతోనే హద్రమౌత్‌లో ఖుఅయితీ రాజ్యానికి పునాది పడింది. అంటే జీతానికి వచ్చినవాడు సముద్రం అవతల రాజ్యమే కట్టగలిగాడు. అదే తరంలో శిక్ష పడి సముద్రం దాటిన అల్లావుద్దీన్‌కు తిరుగుదారే లేదు. జూలై 17న జనాన్ని అదుపు చేయడానికి సాలార్ జంగ్ దింపింది కూడా అరబ్ కాపలానే, దాడికి వెళ్లిన రోహిల్లాలూ ఉత్తరాది నుంచి వచ్చిన సిపాయిలే. ఆ శతాబ్దంలో మనుషులు ఊళ్లు మారింది జీతం వల్లో శిక్ష వల్లో. ఒకదాన్ని బస్తీ చరిత్రగా రాసుకుని, రెండోదాన్ని జైలు గోడల్లోకి నెట్టేయడం న్యాయం కాదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. పోరాటయోధుణ్ణి వలస స్థాపించినవాళ్లలో లెక్కించడం ఆయన్ను తగ్గించడం కాదా, ఆ వలస వల్లే కదా గ్రేట్ అండమానీస్ జనం నాశనమైంది అని. నాశనమైన మాట కఠోర సత్యం. 1877లో తట్టు వ్యాధి వాళ్లను తుడిచిపెట్టింది. వేల సంఖ్యలో ఉన్న జనం నేడు కొన్ని పదులకు కుదించుకుపోయారు. ఆస్ట్రేలియా ఆదివాసులకు జరిగిందీ ఇదే దారిలో. కానీ దీన్ని దాచడం వల్ల అల్లావుద్దీన్ గౌరవం పెరగదు. ఆయన కోరి వెళ్లలేదు, ఆ నేల అడిగి తీసుకోలేదు. తమకు ఎదురుతిరిగినవాళ్లను మరో జనం నేల ఆక్రమించడానికి వాడుకోవడమే ఆ శిక్షలోని అసలు క్రూరత్వం. కొట్టులో బంధించడం కన్నా అది లోతైనది, దాన్ని గుర్తించకపోతే ఆయనకు జరిగిన అన్యాయంలో సగమే చెప్పినవాళ్లమవుతాం.

ఆస్ట్రేలియాలో ఖైదీల చేత కట్టించిన 11 స్థలాలను 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. తమ పూర్వీకుడు ఏ ఓడలో వచ్చాడో వెతుక్కునే కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. అండమాన్‌కు 1858 నుంచి 1939 దాకా సుమారు 80,000 మంది ఖైదీలను పంపితే, మనం మాత్రం ఒక జైలు పేరు దగ్గరే ఆగిపోతున్నాం. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకూ, జూలై 17న కోఠీ స్మారకం దగ్గర మాట్లాడేవాళ్లకూ ఒక విన్నపం. మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో పోర్ట్ బ్లెయిర్ ఖైదీల వలసకు పంపారని చెప్పండి, సెల్యులార్ జైలుకు అని చెప్పకండి. ఆయన పేరు పక్కన రాస్ దీవి పేరు కూడా రాయండి.