ఉక్కు హక్కు - నాలుగు శాతం

1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలర్పించారు. కర్మాగారం ప్రజల ఆస్తి అయింది. కాని ప్రజల ఆస్తి కావడం వేరు, దాని కొనుగోళ్ళలో చిన్నవాడికి చోటు దక్కడం వేరు. ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్ళలో 20 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో భాగంగా 4 శాతం దళిత, గిరిజన యజమానుల నుంచి జరపాలని కేంద్రం ఉత్తర్వు చేసింది 2012లో! 2018లో మొత్తం వాటా 25కు పెరిగింది, స్త్రీల సంస్థలకు 3 శాతం చేరింది. దళిత, గిరిజనుల వాటా మాత్రం 4 దగ్గరే ఆగింది.

ఆ ఉత్తర్వు సైతం ప్రభుత్వరంగాన్నే కట్టడి చేస్తుంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు సంస్థలో నూరుశాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా సమ్మతించింది. ప్రైవేటు యజమానిని ఆ నాలుగు శాతం అడిగే హక్కు ఎవరికుంటుంది? గాజువాక ఆటోనగర్ వర్క్‌షాపుకు టెండరు, కార్మికునికి కొలువు - రెంటికీ పునాది ఒక్కటే. ఆ పునాదిని నిలబెట్టే పోరాటమూ ఒక్కటే కావాలి.