రేవా: ఒక తొలితరం విద్యుత్ కారు సంస్థ చరిత్ర

హైదరాబాద్‌లో మూసీనదిపై 1578లో కట్టిన వంతెన పురానాపూల్. అఫ్జల్ ఉద్దౌలా పాలనలో (1857-69) అఫ్జల్‌గంజ్ వద్ద కట్టిన వంతెనకు, దానితో పోల్చి, నయాపూల్ అనే పేరు స్థిరపడింది. నూట యాభై ఏళ్లు దాటినా జనం నోట అది ఇంకా 'కొత్త' వంతెనే. నేడు ఆ పరిసరాల్లో తిరిగే విద్యుత్ వాహనాలను కూడా మనం కొత్తవిగానే భావిస్తాం. నిజానికి వాటి చరిత్ర కూడా శతాబ్దం దాటింది.

అమెరికాలో 1900 ప్రాంతంలో తయారైన కార్లలో దాదాపు మూడో వంతు విద్యుత్‌తో నడిచేవే. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే సంస్థ 1907 నుంచి 1939 వరకు సుమారు 13,000 కార్లు తయారుచేసింది. పెట్రోలు కారును చేత్తో తిప్పి స్టార్ట్ చేయవలసిన రోజుల్లో మీట నొక్కగానే కదిలే బండికి గిరాకీ ఉండటం సహజం. 1912లో కాడిలాక్ కార్లకు సెల్ఫ్ స్టార్టర్ రావడంతో ఆ సౌలభ్యం పెట్రోలు కారుకూ దక్కింది. చౌకైన ఫోర్డ్ కార్లు, పెట్రోలు లభ్యత మిగతా పని పూర్తిచేశాయి. ఆ తరువాత చాలాకాలం విద్యుత్ కారు ఊసే లేదు.

మన దేశంలో ఈ ప్రయత్నానికి 1993లో వచ్చిన 'లవ్‌బర్డ్' ఆద్యం. అది ఎక్కువ కాలం నిలవలేదు. వరుసగా ఏళ్ల తరబడి తయారై విదేశాలకు కూడా వెళ్లిన తొలి భారతీయ విద్యుత్ కారు మాత్రం మన పొరుగున ఉన్న బెంగళూరులో రూపొందిన రేవా. అందుకే ఈ పాఠంలో దాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం.

చేతన్ మైనీ మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో అక్కడి విద్యార్థి బృందంతో కలిసి సౌరశక్తి కారు నిర్మాణంలో పాల్గొన్నారు. ఆ కారు 1990లో ఆస్ట్రేలియాలో జరిగిన పోటీలో మూడో స్థానం పొందింది. ఆయన తండ్రి సుదర్శన్ మైనీ బెంగళూరు పారిశ్రామికవేత్త. 1994లో మైనీ గ్రూపు, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ సంస్థ కలిసి రేవా ఎలక్ట్రిక్ కార్ కంపెనీని స్థాపించాయి. చేతన్ తల్లి పేరే కారుకు పెట్టారు. కారు అమ్మకానికి వచ్చేసరికి 2001 అయింది.

బండి పొడవు సుమారు 2.6 మీటర్లు. ముందు ఇద్దరు పెద్దలు, వెనుక ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు. సీట్ల కింద ఎనిమిది లెడ్-యాసిడ్ బ్యాటరీలు. ఒకసారి చార్జింగ్ చేస్తే 80 కిలోమీటర్ల వరకు నడిచేది. పూర్తి చార్జింగ్‌కు ఎనిమిది గంటలు పట్టేది. ఇంట్లో ఉండే 15 ఆంపియర్ల ప్లగ్ చాలు. రేకుకు బదులు ప్లాస్టిక్ పలకలు వాడటం వల్ల చిన్న చిన్న తాకిళ్లకు సొట్టలు పడేవి కావు. మన వీధుల సంగతి తెలిసినవారి ఆలోచన అది!

నయాపూల్ నుంచి చార్మినార్‌కు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇలాంటి నగరంలో 80 కిలోమీటర్లు ఎందుకు చాలవని మీకు అనిపించవచ్చు. దూరం దగ్గర చిక్కు లేదు. పాతబస్తీ గల్లీల్లో మూడో అంతస్తులో ఉండే కుటుంబం, వీధిలో నిలిపిన కారుకు రాత్రంతా కరెంటు ఎలా అందిస్తుంది? సొంత పార్కింగ్ ఉన్నవారు మరో లెక్క వేసుకున్నారు: దాదాపు అదే ధరకు నలుగురు పెద్దలు కూర్చునే మారుతి 800 దొరుకుతోంది. పైగా రేవాకు కొన్నేళ్లకోసారి బ్యాటరీలు మార్చాలి. ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇదే బండికి లండన్‌లో ఆదరణ దక్కింది. 2003 ఫిబ్రవరి నుంచి లండన్ నడిబొడ్డుకు కారులో వెళ్లేవారు రోజుకు 5 పౌండ్ల రద్దీ రుసుము కట్టవలసి వచ్చింది. విద్యుత్ కార్లకు మినహాయింపు ఇచ్చారు. వెస్ట్‌మిన్‌స్టర్ నగరపాలక సంస్థ కార్ పార్కుల్లోనూ వీధుల్లోనూ చార్జింగ్ పాయింట్లు పెట్టింది. 2004 నుంచి అక్కడ 'జీ-విజ్' పేరుతో రేవా అమ్ముడైంది. లండన్‌లో అమ్ముడైన కార్లు వెయ్యి దాటాయి. మొత్తం ప్రపంచంలో అమ్ముడైన రేవాలు సుమారు 4,000 కాగా, అందులో ఒక్క నగరం వాటా ఇంత ఉందంటే, ఆ రుసుము బెంగళూరు కర్మాగారాన్ని ఎంతగా నిలబెట్టిందో ఊహించవచ్చు. నా ఉద్దేశంలో రేవా చరిత్రలో ఇంజనీర్లకు ఎంత స్థానం ఉందో, ఆ రుసుము విధించిన పాలకులకూ అంత స్థానం ఉంది.

లండన్‌లో దానికి విమర్శలూ తప్పలేదు. ఐరోపా నిబంధనల ప్రకారం రేవా పూర్తిస్థాయి కారు కాదు, క్వాడ్రిసైకిల్ తరగతికి చెందిన వాహనం. అందువల్ల కార్లకు తప్పనిసరైన ఢీకొట్టే పరీక్షలు దీనికి వర్తించలేదు. 2007లో ఒక బ్రిటిష్ పత్రిక సొంతంగా చేయించిన పరీక్షలో, ప్రమాదం జరిగితే లోపలివారికి తీవ్ర గాయాలు తప్పవని తేలింది. తరువాతి నమూనాలో సంస్థ భద్రతా ఏర్పాట్లను మెరుగుపరిచింది. 2009లో లిథియం-అయాన్ బ్యాటరీ నమూనా కూడా వచ్చింది.

అదే సంవత్సరం జనరల్ మోటార్స్ భారత విభాగం, స్పార్క్ కారును విద్యుత్ కారుగా మార్చేందుకు రేవాతో ఒప్పందం చేసుకుంది. 2010 మే నెలలో మహీంద్రా సంస్థ రేవాలో 55.2 శాతం వాటా కొనడంతో ఆ పొత్తు ముగిసింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం విద్యుత్ వాహనాలకు ధరలో 20 శాతం, కార్లకైతే లక్ష రూపాయలకు మించకుండా రాయితీ ప్రకటించింది. అది 2012 మార్చితో ఆగింది. మహీంద్రా రేవా కొత్త కారు 'ఇ2ఓ' 2013 మార్చిలో, అంటే రాయితీ ఆగిన ఏడాది తరువాత మార్కెట్లోకి వచ్చింది! ఢిల్లీలో దాని ధర సుమారు 6 లక్షలు. కొనేవారు కొద్దిమందే.

ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం కూడా లండన్ తరహాలోనే పన్ను మినహాయింపును సాధనంగా వాడుతోంది. 2024 నవంబరు నుంచి 2026 చివరి వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. కానీ వీధిలో బండి నిలిపేవారికి కరెంటు ఎక్కడినుంచి అన్న ప్రశ్నకు పన్ను మినహాయింపు జవాబు కాదు. చేతన్ మైనీ 2017లో మరొకరితో కలిసి స్థాపించిన సన్ మొబిలిటీ సంస్థ ఆ ప్రశ్న మీదే పనిచేస్తోంది. అది కార్లు తయారుచేయదు. ఆటోలు, ద్విచక్ర వాహనాల వారు ఖాళీ అయిన బ్యాటరీని కేంద్రంలో ఇచ్చేసి, నిండు బ్యాటరీని కొద్ది నిమిషాల్లో బిగించుకుని వెళ్లిపోతారు.